ముందు బ్రేకు ముట్టుకోకు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పశువులశాల మూలన గోనెసంచులు కప్పి పెట్టిన నాన్న హీరో హోండా సీడీ హండ్రెడ్‌ని బయటికి తీశాం. తీయించింది మా మేనల్లుడు. వాడికి పద్దెనిమిది నిండాయి, ఎల్లెల్లార్ చేతికొచ్చింది, వాడి కోసం కొన్న కొత్త బండి వాకిట్లోనే ఉంది, అయినా తాతయ్య బండి మీదే నేర్చుకుంటానని పట్టుబట్టాడు. సంచులు లాగేసరికి దుమ్ముతో పాటు పాత వాసన ఒకటి గుప్పుమంది. పెట్రోలు, గ్రీజు, పెళుసెక్కిన రెగ్జిన్ సీటు, కాస్త పేడ, అన్నీ కలిసిన వాసన. నాకు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ బండి మీంచి నేను పడ్డాను, మా అమ్మ పడింది. మా బావ పడింది వేరే బండి మీంచే గానీ ఆయన నడపడం నేర్చుకున్నది కూడా దీని మీదే. అప్పటి నుంచీ ఇదంతా ఒకసారి రాసి పెట్టుకోవాలనిపిస్తోంది.

మా ఊరు చీపురుపల్లి నుంచి రాజాం వెళ్ళే రోడ్డుకి కొంచెం లోపలికి ఉంటుంది. అప్పట్లో మాది విజయనగరం జిల్లా, రాజాం శ్రీకాకుళం జిల్లా, సంతకి వెళ్తే జిల్లా దాటినట్టే. 2022లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం కూడా ఇటే వచ్చేసింది. నాన్న హైస్కూల్లో లెక్కల మేష్టారు. 1989లో బండి కొన్నారు, అంతకుముందు సైకిలే. మా వైపు ఊళ్ళల్లో అప్పటికి రాజ్‌దూత్ ఒకటీ అరా, ఎవరో డబ్బున్నాయన దగ్గర బుల్లెట్, అంతే. లీటరుకి ఎనభై కిలోమీటర్లు ఇచ్చే బండి వచ్చిందంటే జనం నమ్మేవారు కాదు. నాన్న దాన్ని ఆదివారం ఆదివారం కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవారు. వానలో బయటికి తీసేవారు కాదు. మా అమ్మ అనేది, పిల్లలకి జ్వరమొస్తే ఇంత కంగారు పడరు ఈయన అని.

నేను నేర్చుకుంది 1995 వేసవిలో, మా జీడితోట పక్కనున్న బీడులో. నేనూ, మా బావా కలిసే నేర్చుకున్నాం. బావ అంటే అప్పటికింకా అప్పకి మొగుడు కాలేదు (మా వైపు అక్కని అప్ప అంటాం), మా మేనమామ కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నాన్న వెనకాల కూర్చుని క్లచ్ ఎలా వదలాలో, గేరు ఎప్పుడు మార్చాలో ఎంతో ఓపిగ్గా చెప్పేవారు. ఒక్క విషయంలో మాత్రం ఓపిక ఉండేది కాదు. కుడిచేతి వేళ్ళు బ్రేకు లీవరు మీదికి వెళ్తే వెనకనుంచి మొట్టేవారు. "ముందు బ్రేకు ముట్టుకోకు. బోర్లా పడతావు. కాలితో వెయ్యి." ఆయనకి బండి నేర్పిన డ్రాయింగు మేష్టారు అలాగే చెప్పారట. ఆయనకి ఎవరు చెప్పారో మరి. నాన్న స్నేహితుడొకాయన కుర్రతనంలో సైకిలు మీద దిబ్బ దిగుతూ ముందు బ్రేకు పట్టేసి ఎగిరి పడి పళ్ళు రాలగొట్టుకున్నాడట, అది నాన్న మనసులో ఉండిపోయింది. మా ఊళ్ళో బండి నడిపే ప్రతివాడికీ ఇదే పాఠం. ప్రేమతో చెప్పిన మాట, అందుకే ఎవరూ ఎదురు అడగలేదు.

మొదటి దెబ్బ 1997లో, సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి. ఆ రోజుల్లో, ఇప్పటికీ చాలా ఊళ్ళల్లో, ఉలవ చేను కోసి తెచ్చి తారు రోడ్డు మీదే పరిచేస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే నూర్పిడి అయిపోతుంది, మనిషి పని తగ్గుతుంది. కళ్ళాలు లేని రైతులకి అదే కళ్ళం. నేను వాళ్ళని తప్పు పట్టలేను, ఎన్ని ఎకరాలున్నాయని, ఎంత కూలి ఇవ్వగలరని. కానీ రెండు చక్రాల బండికి దానంత ప్రమాదం ఇంకోటి లేదు. పైన ఎండు తీగ పట్టులా జారుతుంది, కింద రాలిన గింజలు గోళీల్లాగ దొర్లుతాయి, టైరుకి తారు తగలనే తగలదు. పైగా ఎవరూ ఎత్తుకుపోకుండా, బళ్ళు అంచు దాటకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. ఆ రాళ్ళు సాయంత్రం తీసేయడం మర్చిపోతే రాత్రి వచ్చేవాడి గతి అంతే.

నేను వెనకాల స్నేహితుణ్ణి ఎక్కించుకుని రాజాం నుంచి వస్తున్నాను. మలుపు తిరగగానే ఉలవలు. కంగారులో కాలితో బ్రేకు బలంగా తొక్కాను, నాకు తెలిసిన బ్రేకు అదొక్కటే మరి. వెనక చక్రం పక్కకి వచ్చేసింది, నేనెటు పడ్డానో బండెటు పడిందో తెలియలేదు, మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి, సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. మా వాడికి ముంజేయి చిట్లింది. చింతచెట్టు కింద కూర్చున్న ముసలాయన పరుగెత్తుకొచ్చాడు, తన ఉలవలన్నీ చెల్లాచెదురైనా ఒక్క మాట అనలేదు.

"ఏటి బాబూ, దెబ్బలు గట్టిగా తగిలినాయా? ఎవులబ్బాయివి?"

చెప్పాను. "అయ్యో, మేష్టారబ్బాయివా" అని ఇంటికి తీసుకెళ్ళి కాళ్ళు కడిగించి, పసుపు పెట్టి, తాగడానికి చోడి (రాగి) అంబలి ఇప్పించాడు. ఉలవల మీదికి వస్తే బ్రేకు ముట్టుకోకూడదనీ, హ్యాండిలు తిప్పకూడదనీ, ముందే గేరు దించి, కాళ్ళు రెండూ కిందకి జార్చి నిదానంగా తిన్నగా పోవాలనీ చెప్పింది ఆయనే. ఆయన బండి నడపడు. రోజూ ఆ చెట్టు కింద కూర్చుని ఎవరు ఎలా పడుతున్నారో, ఎవరు పడకుండా పోతున్నారో చూస్తున్నాడు కాబట్టి తెలుసు. ఇప్పటికీ ఇసక పరుచుకున్న మలుపులో గానీ, తొలకరి వాన పడి రోడ్డు మీది నూనె మరకలు పైకి తేలినప్పుడు గానీ ఆయన చెప్పినట్టే పోతాను.

నాన్న ఆ రోజు నన్నేమీ అనలేదు. బండి హ్యాండిలు వంకర చూసి, నా మోచేయి చూసి, "బండి రేపు చూసుకోవచ్చు" అన్నారు. ఆ మాట నాకు చాలా పెద్దది.

రెండోది 2001లో. అప్పటికి నేను విజయనగరంలో చిన్న ఉద్యోగం చేస్తున్నాను, బండి నాన్న నాకిచ్చేశారు. శనివారం సాయంత్రం నెల్లిమర్ల, గుర్ల, గరివిడి మీదుగా ఊరెళ్ళి సోమవారం తెల్లారి తిరిగొచ్చేవాణ్ణి. గుర్ల దాటాక ఓ సోమవారం పొద్దున్న గేదె అడ్డం వచ్చింది. దూరం ఉంది, ఆగగలను అనుకున్నాను, కాలు నొక్కిపెట్టాను, బండి ఆగలేదు. చక్రం బిగుసుకుపోయి జర్రున జారుతూనే పోయి గేదె పక్కటెముకలకి కొట్టుకుంది. గేదెకి ఏమీ కాలేదు, లేచి వెళ్ళిపోయింది. నాకు భుజం ఎముక చిట్లి ఇరవై రోజులు చేయి మెడకి వేలాడింది.

అప్పుడు బండిని గంటస్తంభం దగ్గర సందులో ఓ ముసలి మెకానిక్ దగ్గర పెట్టాను. ఆయన రెండు చక్రాలూ విప్పి, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు షూలు తీసి పాత పేపరు మీద పక్కపక్కన పెట్టాడు. నన్ను పిలిచి చూడమన్నాడు. వెనక షూ అరిగి అరిగి రేకు బయటపడింది. ముందు షూ కొత్తది ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"ఎన్నేళ్ళ బండి బాబూ ఇది?"

"పన్నెండేళ్ళు."

"పన్నెండేళ్ళలో ముందు షూ మార్చినారా?"

"లేదండి."

"మార్చరు. వాడితే కదా మార్చడం." ఆయన తల ఊపి, "బస్సులో డ్రైవరు బ్రేకేస్తే నిలబడ్డ జనం ఎటు పడతారు, ముందుకేనా వెనక్కా? బండి బరువూ అంతే, ముందుకొస్తది. బరువంతా ముందు చక్రం మీద కూర్చుంటే నువ్వు బరువు లేని చక్రాన్ని పట్టుకుంటున్నావు. అది జారక ఏం సేస్తది?" అన్నాడు.

బాగుపడిన బండిని నాచేత నడిపించుకుంటూ తోయించాడు. నడుస్తూ వెనక బ్రేకు వేయమన్నాడు, చక్రం ఈడ్చుకుపోయింది. ముందు బ్రేకు మెల్లగా పట్టమన్నాడు, ముందు ఫోర్కు కిందికి దిగి బండి గుమ్మంలో కట్టేసిన ఆవులా నిలబడిపోయింది. గబుక్కున పిండేయకూడదనీ, నిమ్మకాయ పిండినట్టు కొంచెం కొంచెంగా బిగించాలనీ, రెండూ కలిపి వేయాలనీ, హ్యాండిలు వంగి ఉన్నప్పుడు, ఇసక మీద ఉన్నప్పుడు మాత్రం ముందుదాని జోలికి పోకూడదనీ చెప్పాడు. నాన్న భయం పూర్తిగా తప్పు కాదన్నమాట, మలుపులో, మట్టిలో అది నిజమే. కానీ ఆ సగం నిజాన్ని అన్ని చోట్లా పట్టుకుని మేమంతా పన్నెండేళ్ళు సగం బ్రేకుతో తిరిగాం.

తర్వాత నెల రోజులు నేను ఆఫీసు అయ్యాక అయోధ్యా మైదానం వైపు ఖాళీ జాగాలో సాధన చేశాను. ఇరవై మీద, ముప్ఫై మీద, నలభై మీద. గంటకి అరవై అంటే సెకనుకి దాదాపు పదిహేడు మీటర్లు పోతున్నాం. ఏమిటా ఎదురుగా ఉన్నది అని కళ్ళు చిట్లించుకునే లోపే పదిహేడు మీటర్లు అయిపోతాయి. బ్రేకు పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఇంతా తెలిసింది కదా, తెలిసినవాణ్ణి ఏం చేయాలి? ఇంటికెళ్ళి అందరికీ చెప్పాలి. నేను చెప్పలేదు.

నాన్నకి చెప్పాలంటే మీరు నేర్పింది తప్పు అని చెప్పినట్టవుతుంది. బావకి చెప్పాలంటే అంతకంటే కష్టం. అప్పటికి ఆయన నిజంగానే బావ అయ్యాడు, అప్పకి మొగుడు, మా ఇంటి పెద్దల్లుడు. నాకంటే బాగా నడుపుతాడు, యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ కొన్నాడు, చేతులొదిలి నడిపేంత పట్టు ఉన్నవాడు. అలాంటివాడికి బావా నీకు బ్రేకు వేయడం రాదు అని ఎలా చెబుతాను? పండక్కి వచ్చినప్పుడు చెబుదాం, మాటల్లో మాటగా చెబుదాం అనుకుంటూ మూడేళ్ళు గడిపేశాను.

2004 డిసెంబరు. బావ పైడిభీమవరంలో ఓ ఫ్యాక్టరీలో చేసేవాడు, శ్రీకాకుళంలో అద్దెకుండేవారు. రెండో షిఫ్టు అయ్యాక రాత్రి పదింటికి బయల్దేరి రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల మీదుగా ఇంటికి. అప్పటికి అది ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారంటున్నారు. నాలుగు వరసల పనులు ఓ చోట అయ్యి ఇంకో చోట అవ్వక, ఎక్కడ మట్టి కుప్ప ఉంటుందో ఎక్కడ రోడ్డు మళ్ళిస్తారో తెలిసేది కాదు. రణస్థలం దాటాక టైరు పేలిన లారీ ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక లైట్లు లేవు. మనవాళ్ళు చేసేదే చేశారు, నాలుగు రాళ్ళు, ఓ వేప కొమ్మ వెనకాల పెట్టారు. ఎదురుగా బస్సు లైటు కళ్ళల్లో కొట్టింది. బావకి కొమ్మ కనిపించేసరికి లారీ కూడా కనిపించింది.

మర్నాడు పొద్దున్న నేను ఆ చోటికి వెళ్ళాను. రోడ్డు మీద నల్లటి గీత ఉంది. పొడుగ్గా, చివర పక్కకి తిరిగి, వెనక చక్రం గీత. ఒక్కటే గీత. నేను ఆ గీత పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. హెల్మెట్ పక్క పొలంలో దొరికింది. దాన్ని ఆయన పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని వచ్చాడు, పోలీసులు కనిపిస్తే పెట్టుకోవడానికి. తెచ్చి తుడిచి చూశాను, దాని మీద గీత కూడా పడలేదు.

ఆ రాత్రి ఎన్నో బళ్ళు ఆగకుండా పోయాయట. పోలీసు కేసు, సాక్ష్యం, కోర్టు చుట్టూ తిరగడం, ఆ భయం అప్పుడు అందరికీ ఉండేది, వాళ్ళని ఒక్కళ్ళనీ నేను తిట్టుకోలేదు. ఆగింది ఓ చేపల వ్యాను. ఐసు పెట్టెలు ఓ పక్కకి జరిపి బావని పడుకోబెట్టి, ఆ డ్రైవరు శ్రీకాకుళం ఆసుపత్రిలో దింపి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. సముద్రం పక్క ఊరి మాటతీరు అని కాంపౌండరు చెప్పాడు, అంతే తెలుసు మాకు. తర్వాత చాలాసార్లు కళింగపట్నం వైపు వెళ్ళినప్పుడు చేపల వ్యాను కనిపిస్తే ఆపి అడిగేవాణ్ణి, 2004లో రణస్థలం దగ్గర ఎవరినైనా ఎక్కించుకున్నారా అని. దొరకలేదు. 108 అంబులెన్సులు మన దగ్గర మొదలైంది 2005 ఆగస్టు 15న. ఎనిమిది నెలల తేడా. ప్రమాదంలో పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చిన మనిషిని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని సుప్రీంకోర్టు 2016లో గట్టిగా చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో కూడా అలా సాయపడ్డవాళ్ళకి రక్షణ పెట్టారు. ఇది తెలియని వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అందుకే ఎక్కడ మాట వచ్చినా చెబుతుంటాను. ఆగండి, ఎక్కించుకోండి, మీకేం కాదు.

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్ళాం. తల స్కానింగ్‌లో రక్తం గడ్డ కట్టిందన్నారు. పంతొమ్మిది రోజులు. అప్ప వార్డు బయట మెట్ల మీద, ఒళ్ళో రెండేళ్ళ పిల్లతో కూర్చుని ఉండేది, మేనల్లుడు అప్పటికింకా పుట్టలేదు. బావ చొక్కా మాకు సంచిలో వేసి ఇచ్చారు, దానికి రక్తం కంటే చేపల వాసన ఎక్కువగా ఉంది. అప్ప దాన్ని ఉతకనివ్వలేదు చాలా రోజులు.

మనిషి దక్కాడు. నడక వచ్చింది, మాట వచ్చింది, మూడు నెలలకి అంతా బాగుపడిందనుకున్నాం. ఓ రోజు అప్ప పొయ్యి మీద పప్పు పెట్టి నూతి దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ, గిన్నె మాడిపోయింది, పక్కనే కుర్చీలో బావ పేపరు చదువుకుంటున్నాడు. "మాడు వాసన రాలేదా?" అంటే "ఏ వాసన?" అన్నాడు. అప్పుడు తెలిసింది. మామిడిపండు ముక్కు దగ్గర పెట్టాం, కర్పూరం పెట్టాం, చివరికి అప్ప ఎండుచేపలు తెచ్చి పెట్టింది. బావ నవ్వుతూ అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు, తర్వాత నవ్వడం మానేశాడు. డాక్టరు చెప్పారు, ముక్కులోంచి మెదడుకి వెళ్ళే సన్నటి నరాలు జల్లెడలాంటి ఎముకలోంచి పైకి వెళ్తాయట, తలకి దెబ్బ తగిలి మెదడు కదిలినప్పుడు అవి తెగిపోతాయట. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నారు. బావకి రాలేదు. ఇరవై ఏళ్ళు దాటింది. పుట్టిన కొడుకు తల వాసన ఆయనకి తెలియదు.

కేజీహెచ్ నుంచి వచ్చిన వారానికి నేను నాన్నకి చెప్పేశాను. షూల సంగతి, ముసలి మెకానిక్ సంగతి, రోడ్డు మీది ఒక్క గీత సంగతి, మూడేళ్ళు నేను నోరు మూసుకున్న సంగతి. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. మర్నాడు తెల్లారగట్ల బండి చప్పుడు వినిపించి లేచాను. జీడితోట పక్క బీడులో, మేం నేర్చుకున్న చోటే, యాభై ఏడేళ్ళ మనిషి, పంచె ఎగగట్టి, ఒక్కరే బండి మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. కొంత దూరం రావడం, కుడిచేయి మెల్లగా బిగించడం, ఆగడం. మళ్ళీ వెనక్కి వెళ్ళడం. నేను చెట్టు చాటునుంచి చూసి వచ్చేశాను. ఆ వేసవి నుంచి ఊళ్ళో ఎవరికి నేర్పినా నాన్న రెండు బ్రేకులూ నేర్పారు. తన దగ్గర అంతకుముందు నేర్చుకున్న వాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళి చెప్పి వచ్చారు. ఓ మేష్టారు ఇంటింటికీ వెళ్ళి నేను తప్పు చెప్పాను అనడం మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

బావ పడిన చోటికి పెద్ద దూరం కాదు, 2012 నవంబరు 2 తెల్లవారుజామున దండానపేట దగ్గర మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు గారి కారు ట్యాంకర్‌ని ఢీకొని ఆయన పోయారు. జిల్లా అంతా ఏడ్చింది. ఆ వార్త విని బావ ఆ రోజంతా అన్నం తినలేదు. పెద్దవాళ్ళూ మనలాంటి వాళ్ళూ అని ఆ రోడ్డుకి తేడా లేదు, రాత్రి పూట ఆగి ఉన్న బండి, మలుపు తిరుగుతున్న బండి, దగ్గరికి వచ్చేదాకా గోడలాగే ఉంటుంది.

అమ్మ పడింది ఈ రెంటికీ మధ్యలో, 2008లో. ఎక్కడో పిల్లాణ్ణి బండి గుద్దిందని ఆ ఊరివాళ్ళు రాత్రికి రాత్రి రోడ్డుకి అడ్డంగా గట్టు వేసేశారు, రంగు లేదు, బోర్డు లేదు. నాన్న నెమ్మదిగానే వెళ్తున్నారు. అమ్మ చీర కట్టుకుని ఒకవైపుకి కూర్చుంది, పట్టుకోవడానికి ఆ చిన్న కడ్డీ తప్ప ఏమీ లేదు, బండి ఎగిరేసరికి చేయి ఆనించి పడింది, మణికట్టు విరిగింది. ఆ తర్వాత అమ్మ బండెక్కితే నాన్న నడుం చుట్టూ చేయి వేసి కూర్చునేది. అంతకుముందు నలుగురూ చూస్తారని భుజం కూడా పట్టుకునేది కాదు. ఆ రూపం నాకు చాలా ఇష్టం.

నేను ఆఖరుసారి పడింది 2017లో, గరివిడి దగ్గర, రాత్రి ఎనిమిదిన్నరకి. కుక్క అడ్డం వచ్చింది. రెండు బ్రేకులూ వేశాను, వేగం చాలావరకు చచ్చిపోయింది, అయినా చక్రం దానికి తగిలి పడ్డాను. ముఖం రోడ్డుకి కొట్టుకుని రాసుకుంటూ పోయింది. అంటే హెల్మెట్ గడ్డం రాసుకుంటూ పోయింది. లేచి కూర్చుని చేత్తో తడిమి చూసుకుంటే నా గడ్డం దాని చోటే ఉంది. మొత్తం ముఖం మూసే హెల్మెట్, ఐఎస్ 4151 (మన దేశపు హెల్మెట్ ప్రమాణం) అని ముద్ర ఉన్నది, గడ్డం కింద పట్టీ బిగించినది. పట్టీ పెట్టుకోకపోతే ఆ దెబ్బకి అది నాకంటే ముందు ఎగిరిపోయేది. రోడ్డు పక్కన రెండొందలకి కుప్పపోసి అమ్మేవి చూస్తే నాకు గుండె దడ వస్తుంది. ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్ళీ పనికిరాదు, లోపలి థర్మాకోల్ లాంటి పొర నలిగి మన దెబ్బని తను తీసుకుంటుంది, రెండోసారి తీసుకోలేదు. అందుకని దాన్ని వాడటం లేదు, పారేయనూ లేదు. ఊళ్ళో మేకుకి తగిలించి ఉంది, పక్క మేకుకి బావ పాత హెల్మెట్, గీత పడనిది.

నాన్న 2019లో పోయారు. బండి మీద కాదు, నిద్రలో.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు ముందు కొత్త బండి మీద బీడులో రెండు చుట్లు తిరిగాడు. నూట పాతిక సీసీ. 2019 ఏప్రిల్ నుంచి ఆ సైజు బళ్ళకి వెనక బ్రేకు వేస్తే ముందుది కూడా కొంత పడే ఏర్పాటు గానీ, చక్రం బిగుసుకోకుండా చేసే ఏబీఎస్ గానీ కంపెనీలే పెట్టాలని నియమం వచ్చింది, అంతకంటే పెద్ద బళ్ళకైతే ఏబీఎస్సే. వాడు ఆగి, "మావయ్యా, నేను చెయ్యి ముట్టుకోలేదు, ముందు కూడా పట్టుకుంది" అన్నాడు ఆశ్చర్యంగా. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. నాన్న ఉంటే ఆ డ్రమ్ము విప్పించి, ఆ వైరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో చూసేదాకా ఊరుకునేవారు కాదు.

తర్వాత సీడీ హండ్రెడ్. దాని మీద అలాంటివేమీ లేవు, నీ చేయి, నీ కాలు, అంతే. వాడు హెల్మెట్ తల మీద పెట్టుకుని పట్టీ వదిలేసి కిక్కు మీద కాలేశాడు. కళ్ళం గట్టు మీద కూర్చున్న బావ లేచి వచ్చి, మాటా పలుకూ లేకుండా పట్టీ బిగించి, గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూసి, వెనక్కి తిరిగాడు. అప్పుడే వాడన్నాడు, "నాన్నా, పెట్రోలు వాసన వస్తంది."

నాకూ వస్తోంది. బావ వంగాడు. ముక్కు దగ్గరికి కాదు, చేయి కిందికి పెట్టి, కార్బురేటర్ అడుగున వేలు రాసి, ఆ వేలిని ఎండకి పట్టి చూశాడు. వేలి చివర తడి మెరిసింది.

"అవున్రా, కారుతోంది. ఆపు" అని, ట్యాంకు కింద పెట్రోలు కాక్ తిప్పేశాడు.